అంటని పూత పాత్రలు, వాని వెనుకనున్న రసాయనములు

తమిళనాట తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో చారు కాచుటకు తగరపు చెంబును వాడు అలవాటు నేటికిని కొన్ని యిండ్లలో నిలిచియున్నది. తమిళులు దీనిని ఈయచ్చొంబు అందురు. కాపురమునకు వచ్చిన క్రొత్తకోడలికి అత్తగారు ఆ చెంబును చేతికిచ్చుచు చెప్పెడి మొదటిమాట యొక్కటే: “చారునీళ్ళు పోయనిదే దీన్ని పొయ్యిమీద పెట్టబోకే, అమ్మాయీ!” తగరము 232 సెంటిగ్రేడు డిగ్రీల వేడికే కరగిపోవు లోహము. లోపల నీరున్నంతవరకు చెంబు నూరు డిగ్రీలకు మించి అంతగా కాగదు. నీరు ఇగిరినంతనే మంట తన పని తాను చేయును. మా పెద్దమ్మగారి యింట నొకనాడు చారు ఇగిరిపోయి, చెంబు అడుగు కరగి వెండినీరువలె పొయ్యిలోనికి జారుట చిన్ననాట నేను చూచితిని. చారు పోయినందులకు గాక చెంబు పోయినందులకు పెద్దమ్మగారు రెండుదినములు అన్నము సరిగా తినలేదు.

ఇత్తడి పాత్రలకు వేయించు కళాయియు ఇట్టిదే. చింతపండు పులుసు ఇత్తడికి తగిలి నిలువయున్నచో కిలుము పుట్టి వంట చెడును, తిన్నవారికి వాంతులగును. అందులకై కళాయివాడు పాత్రను కొలిమిపై కాచి, నవాసాగరము చల్లి, తగరమును కరగించి, గుడ్డతో లోపలంతయు పామెడివాడు. ఆ పూత అరిగిన గుర్తు గృహిణికి తెలియును. అరిగినంతనే మరల వేయించెడిది. తగరములో అగ్గువయగు సీసమును కలుపు మోసమును గూడ ఆమె యెరుగును. కావున పూతగల పాత్ర మన వంటింటికి క్రొత్తది కాదు. పూత యెంత వేడికి ఓర్చును, ఎప్పుడు అరిగిపోవును, అందేమి కలిసియున్నది అను మూడు ప్రశ్నలకును పూర్వపు గృహిణియొద్ద సమాధానము లుండెను.

నేడు మన యిండ్లకు పెండ్లికానుకలుగను, పండుగ బేరములలోను వచ్చిచేరుచున్న నాన్‌స్టిక్ పెనములతోపాటు ఆ సమాధానములు రాలేదు. వానిని కూర్చి పాఠకుల యెదుట పెట్టుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. నా అభిప్రాయమును ముందుగనే చెప్పివేయుట మేలు. పాత్రను ఎరిగి వాడుకొను ఇంటిలో భయపడవలసినది స్వల్పము. ఆ పాత్రకు పూత తయారగుచోట నీరు త్రాగువారు భయపడవలసినది అధికము. ఈ రెండింటిని కలగాపులగము చేయుటచేతనే కొందరు మంచి పెనములను వీధిలో పారవేయుచున్నారు. మరికొందరు ఇదంతయు వట్టి పుకారని నవ్వుచున్నారు.

ఈ పూత పదార్థమునకు పాలీటెట్రాఫ్లోరో ఎథిలీన్ అని పేరు. టెఫ్లాన్ అనునది దానిని కనుగొన్న డ్యూపాంట్ సంస్థ పెట్టిన వ్యాపారనామము. 1938 ఏప్రిల్ 6వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, ఆ సంస్థ పరిశోధనశాలలో రాయ్ ప్లంకెట్ అను యువ శాస్త్రవేత్త శీతలయంత్రములకు పనికివచ్చు వాయువులనుగూర్చి పరిశోధించుచుండెను. నింపి యుంచిన యొక సిలిండరు మూత త్రిప్పగా వాయువు వెలికిరాలేదు. తూచిచూడగా బరువు తగ్గలేదు. అతడును, అతని సహాయకుడు జాక్ రెబోకును సిలిండరును కోసి చూడగా లోపల మైనమువలె జారు తెల్లని పొడి కనబడెను. వాయువుయొక్క అణువులు తమంత తామే గొలుసుకట్టి ఘనపదార్థముగా మారినవి. ఈ గొలుసులో కర్బన పరమాణువులు వరుసగా నిలువగా, వానిచుట్టును ఫ్లోరిన్ పరమాణువులు కవచమువలె క్రమ్ముకొనియుండును. కర్బన రసాయన శాస్త్రమున మిక్కిలి గట్టివగు బంధములలో కర్బనమునకును ఫ్లోరిన్‌కును గల బంధ మొకటి. ఆ కవచమును ఆమ్లముగాని, క్షారముగాని, నీరుగాని, నూనెగాని ఛేదింపజాలదు. ఈ గుణమే పెనమునకు ప్రశస్తి తెచ్చినది. ఈ గుణమే తరువాత చెప్పబోవు కష్టమునకును మూలము.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అణుబాంబు నిర్మాణమునకై యురేనియమును శుద్ధిచేయు కర్మాగారములలో, లోహములను తినివేయు వాయువును తట్టుకొను అతుకులకు ఈ పదార్థమును వాడిరి. వంటింటికి ఇది వచ్చుట యుద్ధానంతర వృత్తాంతము. 1954లో ఫ్రాన్సుదేశమున మార్క్ గ్రెగ్వార్ అను ఇంజనీరు చేపలగాలముల సామగ్రికి దీనిని ఉపయోగించుచుండగా, అతని భార్య కోలెట్ ఈ పూతను నా వంటపాత్రల కేల వేయరాదని అడిగెనని చెప్పుదురు. 1956లో టెఫాల్ సంస్థ వెలసినది. టెఫ్లాన్, అల్యూమినియము అను రెండు మాటల తునకలతో కట్టిన పేరది. దేనికిని అంటని పదార్థమును అల్యూమినియమునకు అంటించుటయే గ్రెగ్వార్ సాధించిన గట్టిపని. ఆ భార్యయొక్క ప్రశ్నయే లేకున్నచో ఈ వ్యాసము వ్రాయవలసిన పని నాకు ఉండెడిది కాదు.

ఇక మొదటి ప్రశ్న. పూత యెంత వేడికి ఓర్చును? ఇది 327 డిగ్రీలవద్ద కరగి మెత్తబడును. చిత్రమేమనగా సీసము కరగు వేడియు రమారమి అదియే. కాని కరగుటకు ముందుగనే, సుమారు 260 డిగ్రీలు దాటినది మొదలు, పూత కొద్దికొద్దిగా చెడనారంభించును. 350 డిగ్రీలకు మించినచో గొలుసులు తెగి కంటికి కానరాని సూక్ష్మకణములును విషవాయువులును వెలువడును. మన వంటలకు ఇంత వేడి యెన్నడును అక్కరలేదు. పులుసు ఉడుకునది నూరు డిగ్రీలకు చేరువగా. అట్టు కాలుటకు, వేపుడు వేగుటకు ఇన్నూరు డిగ్రీలు లేదా అంతకు కొంచెము ఇటునటు చాలును. చిక్కు ఎక్కడ వచ్చుననగా, ఖాళీ పెనమును పెద్దమంటపై నుంచి, పిండి తెచ్చుటకో, టెలిఫోను పలికినందునో అవతలికి పోయినపుడు. లోపల నీరుగాని నూనెగాని లేని పలుచని అల్యూమినియపు పెనము కొద్ది నిమిషములలోనే 260 డిగ్రీలను దాటగలదు. ఇనుప పెనమునకు అలవాటుపడిన మన చేతులు మొదట చేయుపని యదియే. ముందు పెనమును బాగుగా కాగనిచ్చి, నీళ్ళు చిలకరించి చుయ్యిమన్న తరువాతగాని అట్టు పోయము. ఇనుమునకు తగిన ఆ మంచి అలవాటు ఈ పూతకు శత్రువు.

ఆ పొగను పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరము, ఒడలినొప్పులు, రొమ్ము పట్టివేసినట్లుండుట, పొడిదగ్గు కలుగును. చూచుటకు ఇన్‌ఫ్లుయెంజా జ్వరమువలెనే యుండును. ఒకటి రెండు దినములలో తగ్గిపోవుటచేత పెక్కుమంది దానికి పెనము కారణమని ఎరుగక పోవుదురు. వైద్యులు దీనిని పాలిమర్ పొగజ్వరము అందురు. 1951లోనే ఒక ఆంగ్ల వైద్య పత్రిక దీనిని వర్ణించినది. ఈ పదార్థముతో పనిచేయు కర్మాగారములలో కొందరు పనివాండ్రకు ఊరక జ్వరము వచ్చుచుండెను. విచారింపగా వారి చేతికంటిన పొడి సిగరెట్టుకు సోకి, సిగరెట్టు నిప్పుకు కాలి, పొగతోపాటు లోనికి పోవుచున్నదని తేలెను. మిక్కుటమైన పొగను చాలసేపు పీల్చినచో ఊపిరితిత్తులలో నీరుచేరిన సందర్భములును కలవు. పంజరమున పెంచు చిలుకలకు, చిన్నపిట్టలకు ఈ పొగ మరింత ప్రమాదకరము. మనుష్యునికి వాసనయైనను తెలియని కొద్దిపాటి పొగకే అవి నేలకొరిగిన సంఘటనలు పశువైద్యులకు సుపరిచితములు. కావున వంటింటి ప్రక్కన పక్షులను పెంచువారు ఈ పాత్రలను మానుటయే యుక్తము.

రెండవ ప్రశ్న, గీతలు పడి ఊడివచ్చు పూత తునకలు కడుపులోనికి పోయినచో ఏమగును? ఆ తునకలను మన జీర్ణరసములు కరగింపజాలవు. అవి లోనికి పోయినవి పోయినట్లే వెలికివచ్చునని చాలకాలముగా శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 2022లో ఆస్ట్రేలియా పరిశోధకులు పూతపై నొక్క పగులునుండియే సుమారు 9,100 సూక్ష్మకణములు రాలవచ్చునని లెక్కకట్టిరి. అట్టి కణములనుగూర్చిన విచారణ నేటికిని సాగుచున్నది. నేను చెప్పగలిగిన దేమనగా, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచని మనము, పూత లేచిన పెనముపై అట్టు పోయవలసిన అగత్యము లేదు. క్రింది అల్యూమినియము బయటపడినచో పులుపు దానిని కొంత కరగించుననుట అందరెరిగినదే. పొదుపు మంచిదే కాని, ఆరేండ్లనాటి గీతల పెనమును పనిమనిషికి దానమిచ్చుట పొదుపును కాదు, దానమును కాదు.

ఇంతవరకు చెప్పినది పాత్రను గూర్చి. మూడవ ప్రశ్న, అందేమి కలిసియున్నది అనునది, మనలను వంటింటినుండి కర్మాగారమునకు కొనిపోవును.

ఈ గొలుసు పదార్థమును నీటిలో తయారు చేయుదురు. వాయువు నీటితో కలియదు గావున, సబ్బు జిడ్డును నీటిలో కలిపినట్లు, ఈ రెండింటిని పొందుపరచు నొక సహాయద్రవ్యము కావలెను. దశాబ్దములపాటు అందులకు వాడినది పెర్‌ఫ్లోరో ఆక్టనోయిక్ ఆమ్లము. దీనిని పి.ఎఫ్.ఓ.ఏ. అనియు, ఎనిమిది కర్బన పరమాణువులు గలది గావున సి-8 అనియు వ్యవహరింతురు. పూత వేసిన పాత్రను కర్మాగారమున అత్యధికమగు వేడిలో కాల్చునపుడు ఇది చాలవరకు ఎగిరిపోవును. వంటపాత్రలో మిగులునది అత్యల్పమని పరీక్షలు తేల్చినవి. కావున పాత్రను కొన్న గృహిణికి సి-8 విశేషముగా చేరలేదు. అది చేరినది కర్మాగారపు పొగగొట్టములనుండి గాలిలోనికి, కాలువలనుండి నదిలోనికి, చెత్తగుంటలనుండి భూగర్భజలమునకు.

అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున ఒహైయో నదీతీరమున పార్కర్స్‌బర్గ్ అను పట్టణము కలదు. ఆ చెంతనున్న డ్యూపాంటువారి వాషింగ్టన్ వర్క్స్ కర్మాగారము 1951 నుండి ఈ ద్రవ్యమును త్రీ-ఎమ్ సంస్థనుండి కొని వాడుచుండెను. 1961 నాటికే దీనివలన ఎలుకలకును కుందేళ్ళకును కాలేయము ఉబ్బుచున్నదని సంస్థ పరిశోధకులకు తెలిసెను. 1981లో ఎలుకపిల్లలకు కన్నులలో లోపములు కనబడుచున్నవని త్రీ-ఎమ్ వారు తెలుపగా, డ్యూపాంటువారు తమ వద్ద ఈ విభాగమున పనిచేసిన స్త్రీలకు పుట్టిన ఏడుగురు శిశువులను పరీక్షింపజేసిరి. ఇద్దరికి కంటిలోపములుండెను. స్త్రీలను ఆ విభాగమునుండి తప్పించిరి. 1984లో చుట్టుప్రక్కల గ్రామములకు పోవు త్రాగునీటిలో సి-8 కలదని సంస్థయే పరీక్షించి తెలిసికొనెను. ఈ సంగతి ఊరివారికి చెప్పలేదు.

విల్బర్ టెన్నెంట్ అనునతడు అచ్చట పశువుల కాపు. వారి కుటుంబమువారు కర్మాగారమునకు అమ్మిన కొంతభూమిలో సంస్థవారు వ్యర్థపదార్థములను పూడ్చిరి. ఆ గుంటనుండి వచ్చు నీరు ‘డ్రై రన్’ అను వాగులో కలిసి టెన్నెంటు పచ్చికబయలుగుండ పారెడిది. ఆవులు చిక్కిశల్యమై, దంతములు నల్లబడి, కన్నులు చెడి, పిచ్చెక్కినట్లు మీదపడుచు, ఒకదానివెనుక నొకటి చచ్చెను. నూరింటికి మించి పోయినవి. పశువైద్యులు రాలేదు. ఊరిలోని వకీళ్ళు సంస్థమీద వ్యాజ్యము పట్టమనిరి. అప్పుడతడు తానే చచ్చిన పశువులను కోసి, లోపలి అవయవములను వీడియో తీసిపెట్టెను. పాడిపశువును ఇంటిమనిషిగా చూచు మన పల్లెలవారికి ఆ చిత్రములోని దుఃఖము వివరింప నక్కరలేదు. 1998లో టెన్నెంటు, సిన్సినాటి నగరమున రసాయన సంస్థల తరపుననే వాదించు రాబర్ట్ బిలట్ అను న్యాయవాదికి టెలిఫోను చేసెను. బిలట్ అమ్మమ్మగారి ఊరు ఆ ప్రాంతమే అగుటచేత ఆ పరిచయము కలిసివచ్చెను. మరుసటియేట వ్యాజ్యము పడెను. న్యాయస్థానపు ఆజ్ఞచే సంస్థ అప్పగించిన లక్షకు మించిన పుటల కాగితములను బిలట్ నెలల తరబడి నేలపై పరచుకొని చదివి, పైనచెప్పిన తేదీలన్నియు వెలికితీసెను.

2001లో గ్రామస్థులందరి తరపున వ్యాజ్యము దాఖలాయెను. 2004లో కుదిరిన ఒప్పందములో నొక విశేషము కలదు. ఇరుపక్షములును అంగీకరించిన ముగ్గురు రోగకారణ శాస్త్రజ్ఞులు ప్రజల రక్తమును పరీక్షింపించి, ఏయే వ్యాధులకు సి-8తో సంబంధముండుట సంభావ్యమో తేల్చవలెను. వారు తేల్చినది ఉభయులును ఒప్పుకొనవలెను. రక్తమిచ్చినవారికి తలకు 400 డాలర్లు లభించుటచేత సుమారు 69,000 మంది వచ్చిరి. ఒక్క రసాయనమునుగూర్చి ఇంతటి జనసమూహమును పరీక్షించుట అరుదు. డబ్బుకై వచ్చిరని ఎవరైన చులకన చేయవచ్చును కాని, ప్రపంచమునకు దొరికిన జ్ఞానము ఆ వచ్చినవారి రక్తమునుండియే దొరికినది. శాస్త్రజ్ఞుల సంఘము 2011, 2012 సంవత్సరములలో ఆరు వ్యాధులను పేర్కొనెను. అవి రక్తమున కొలెస్ట్రాలు హెచ్చుట, పెద్దప్రేవు పుండ్లవ్యాధి, థైరాయిడ్ వ్యాధి, వృషణపు పుట్టకురుపు, మూత్రపిండపు పుట్టకురుపు, గర్భవతులకు రక్తపుపోటు. 2017లో సుమారు 3,550 వ్యాజ్యముల పరిష్కారమునకై డ్యూపాంటు, దానినుండి విడివడిన కెమూర్స్ సంస్థలు 67 కోట్ల 10 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను. టెన్నెంటు దానిని చూడలేదు. అతడు 2009లోనే మరణించెను.

ఈ ద్రవ్యము చేయు హానికి కారణము దాని స్థిరత్వమే. మనము తిను విషములలో పెక్కింటిని కాలేయము విరిచి, మూత్రపిండములు వెలికినెట్టును. కర్బన ఫ్లోరిన్ బంధమును మన శరీరము విరువలేదు. రక్తమున చేరిన సి-8లో సగము పోవుటకే సుమారు రెండు మొదలు నాలుగు సంవత్సరములు పట్టును. ఇంతలో మరల చేరుచుండును. తల్లినుండి గర్భస్థశిశువునకును, చనుబాల ద్వారా బిడ్డకును సంక్రమించును. శిశువుల ఎదుగుదల తగ్గుట, టీకాలు వేసినపుడు పుట్టవలసిన రోగనిరోధకశక్తి తగినంత పుట్టకపోవుట ఈ జాతి రసాయనములవలన కలుగునని అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తులు 2022లో ప్రకటించెను. 2023లో అంతర్జాతీయ పుట్టకురుపు పరిశోధన సంస్థ పి.ఎఫ్.ఓ.ఏ.ను మానవులకు పుట్టకురుపు కలిగించునని నిశ్చయింపబడిన మొదటి తరగతిలో చేర్చెను. గొలుసుగా కట్టబడిన పూత పదార్థమును మాత్రము ఆ సంస్థ ఏనాడును ఆ తరగతిలో చేర్చలేదు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఈ ద్రవ్యపు తయారీని మానుదుమని త్రీ-ఎమ్ 2000లో ప్రకటించెను. అమెరికా పర్యావరణ సంస్థ పిలుపుపై ఎనిమిది సంస్థలు 2015 నాటికి దీనిని వదలుటకు 2006లో ఒప్పుకొనెను. 2019లో స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందమున దీనిని నిర్మూలింపదగిన వానిలో చేర్చిరి. నేడు దుకాణములలో “పి.ఎఫ్.ఓ.ఏ. లేనిది” అను చీటి అంటించిన పెనములు వచ్చుట దీని ఫలితమే. ఆ చీటి అబద్ధము కాదు. కాని దానిని చదువునపుడు రెండు సంగతులు మనస్సున నుండవలెను. మొదటిది, పూత మాత్రము పూర్వపు పూతయే. వేడి హద్దును అదే హద్దు. రెండవది, తయారీకి సి-8 స్థానమున మరియొక దగ్గరి బంధువును తెచ్చి వాడుచున్నారు. జెన్-ఎక్స్ అను నట్టి ద్రవ్యము 2017లో ఉత్తర కరోలినా రాష్ట్రపు కేప్ ఫియర్ నదిలో, లక్షలమంది త్రాగు నీటిలో కనబడి అలజడి రేపెను. మన భాషలో పేరు మార్చి ఊరు మార్చుట అందురే, అట్టిది.

కొన్ని ప్రభుత్వములు ఈ కుటుంబము మొత్తమును నిషేధింప బూనుకొన్నవి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున 2025 జనవరి 1వ తేదీ నుండి ఇట్టి పూతగల వంటపాత్రలను అమ్మరాదు. ఫ్రాన్సులో 2025లో చేసిన చట్టము అలంకరణ సామగ్రిని, వస్త్రములను నిషేధించినదిగాని వంటపాత్రలను విడిచిపెట్టినది. 2024లో ఆ చర్చ సాగునపుడు టెఫాల్ పనివాండ్రు తమ బ్రతుకుతెరువు పోవునని పారిస్ వీధులలో ఊరేగిరి. పనివాని కడుపును, పొరుగువాని నీరును ఎదురెదురుగా నిలుపు వ్యవహారమిది. మన దేశమున ఆహారమునకు తగులు ప్యాకింగు సామగ్రిలో ఈ జాతి రసాయనములను వాడరాదని ఆహార ప్రమాణముల సంస్థ 2025లో ఒక ముసాయిదాను ప్రకటించెను.

గృహిణులు చేసికొనవలసిన జాగ్రత్తలు కొన్నియే. ఖాళీ పెనమును కాచరాదు. నూనెచుక్క వేసి, నడిమి మంటకు మించనీయరాదు. నూనె పొగ వచ్చుచున్నదనిన హద్దు సమీపించినదని గుర్తు. ఇనుప అట్లకాడకు బదులు కొయ్యది వాడవలెను. పీచుతో, ఇసుకతో తోమరాదు. మరచి కాల్చినచో కిటికీలు తెరచి, పిల్లలను ఆవలికి పంపి, పెనము చల్లారినపిమ్మట పూత చెడినదేమో చూడవలెను. ఈ శ్రద్ధకు ఓపికలేనివారికి పాత ఇనుప పెనమున్నది. మనము పెనమన్నదానినే తమిళులు దోసెక్కల్లనియు, కన్నడిగులు కావలియనియు అందురు. నూనెలో ముంచిన సగము ఉల్లిపాయతో దానిని రుద్దుటమాత్రము మూడుచోట్లను ఒక్కటే. అట్లు కాగినకొలది నూనెయే గట్టిపడి పొరగా మారి, అట్టు అంటకుండ చేయును. పొర పోయినచో మరల ఇంటిలోనే వేసికొనవచ్చును. పులుసులకు రాచ్చిప్పయు, స్టెయిన్‌లెస్ ఉక్కుగిన్నెయు ఎన్నడును మోసము చేయలేదు. సిరామిక్ పూత పేర వచ్చుచున్న పాత్రలలో ఫ్లోరిన్ లేదుగాని, వాని జారుగుణము త్వరగా తగ్గిపోవును.

నీటి సంగతి ఇంత సులభము కాదు. ఈ రసాయనములు పెనములకే గాక అగ్నిమాపక నురుగునకు, నూనె పీల్చని కాగితములకు, తడియని బట్టలకును వాడబడుటచేత, పూత కర్మాగారము లేనిచోట్లను నదులలో చేరినవి. చెన్నపట్టణమున కూవము నీటిలోను, అడయారులోను, బకింగ్‌హాం కాలువలోను, ఊరికి త్రాగునీరిచ్చు చెంబరంబాకం చెరువులోను పరిశోధకులు వీనిని కనుగొనిరి. ఎన్నో తరములుగా తెలుగువారు కాపురమున్న నగరమది. నీటిని కాచినందువలన ఇవి పోవు. నీరు ఇగిరినకొలది చిక్కబడును. బొగ్గువడపోత కొంతవరకును, ఆర్.ఓ. యంత్రము అధికముగాను తగ్గించును. 2024లో అమెరికా ప్రభుత్వము త్రాగునీటిలో పి.ఎఫ్.ఓ.ఏ.కు విధించిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు, అనగా లక్షకోట్ల భాగములలో నాలుగు భాగములు. రుచివలన, వాసనవలన, రంగువలన దీనిని పట్టుట ఎవరి తరము కాదు. ప్రయోగశాల చెప్పవలసినదే.

మహారాష్ట్రమున షోలాపురము, భివండి, ముంబయి నగరములలో నున్న మనవారు విశేషించి తెలిసికొనదగిన వృత్తాంత మొకటి కలదు. ఇటలీదేశమున విచెంజా నగరమునకు సమీపముననున్న త్రిస్సినోలో మితెని అను సంస్థ దశాబ్దములపాటు ఈ జాతి రసాయనములను తయారుచేసెను. 2013లో అక్కడి భూగర్భజలము చెడినదని బయటపడెను. మూడు జిల్లాలలో సుమారు మూడున్నర లక్షలమంది ఆ నీటి ప్రాంతమువారు. బిడ్డల రక్తపరీక్షల కాగితములు చేతబట్టుకొని తల్లులు సంఘముగా నేర్పడి ఏండ్లతరబడి పోరాడిరి. 2018లో సంస్థ దివాలా తీసెను. 2025 జూన్‌లో విచెంజా న్యాయస్థానము పదునొకండుగురు అధికారులకు కారాగారశిక్షలు విధించెను. దివాలా తీసిన ఆ కర్మాగారపు యంత్రసామగ్రిని వేలములో కొన్నది ఒక భారతీయ రసాయన సంస్థ. ఆ యంత్రములు ఓడలలో వచ్చి, కొంకణతీరమున రత్నగిరి జిల్లాలోని లోటే పరశురామ్ పారిశ్రామికవాడలో నెలకొన్నవి.

యంత్రము తనంత తాను దోషి కాదు. దానిని ఎట్లు నడుపుదురు, వ్యర్థజలమును ఎట్లు శుద్ధిచేయుదురు అనుదానిపై సమస్తము ఆధారపడియుండును. ఈ జాతి రసాయనములు పుట్టు ప్రతిచోటను చుట్టుప్రక్కల బావులను, బోరునీటిని, వాగులను క్రమముగా పరీక్షించి, ఫలితములను అంకెలతోసహా ఊరివారి భాషలో ప్రకటింపవలెనని కోరుట కర్మాగారమునకు ద్రోహము కాదు. పార్కర్స్‌బర్గ్ సమీపముననున్న లూబెక్ గ్రామస్థులకు, మీ నీటిలో సి-8 కలదని నీటిసరఫరా సంస్థనుండి లేఖ అందినది 2000 సంవత్సరము అక్టోబరు మాసమున. సంస్థ ఆ నీటిని పరీక్షించి పదునారేండ్లయినది.